కారు టాంకా, యూరియా బస్తానా?
హైడ్రోజన్ బండి లెక్కలు - కూలి జనం వైపునుంచి

2025 వానాకాలంలో ఒక సొసైటీ గోడౌను ముందు యూరియా కోసం నిలబడ్డ జనంలో మేమూ వున్నాం. కోడి కూయకముందే వచ్చినవాళ్లు చెప్పులు వరసలో పెట్టి, పాసుపుస్తకం జెరాక్సు మీద రాయి పెట్టి, చెట్టు కింద కూర్చున్నారు. వాళ్లలో సగం మంది మన వ్యవసాయ కూలీలే. ఎకరమో, అరెకరమో కౌలుకు చేసుకుంటున్నవాళ్లు. పాసుపుస్తకం ఆసామి పేరన వుంటుంది, నడుం వంచేది వీళ్లు. పొద్దెక్కేసరికి "సరుకు అయిపోయింది, రేపు రండి" అన్నారు.

ఆ చెట్టు కిందే ఇంటర్ చదివే కుర్రాడొకడు ఫోనులో వార్త చదివి వినిపించాడు. నీళ్లలోంచి తీసిన హైడ్రోజన్‌తో కార్లు నడుస్తాయట, పొగ రాదట, వెనక గొట్టంలోంచి నీటి చుక్కలే పడతాయట. ఒక పెద్దామె వెంటనే అంది: "నీళ్లతో కార్లు నడిపేస్తారు గానీ, మన మడికి నాలుగు గుప్పిళ్ల యూరియా ఇవ్వలేరేటి నాయనా?" అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.

కాని ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మాకు పెద్ద చదువులు లేవు. తెలిసినవాళ్లను అడిగి, దొరికిన కాగితాలు చదివి, పెన్సిలు పట్టుకుని లెక్కలు వేసుకున్నాం. వేసుకున్నాక తెలిసిందేమంటే, ఆమె వేళాకోళానికి జతచేసిన రెండు వస్తువులూ నిజంగానే ఒక్క తల్లి బిడ్డలు. కారులో పోసే హైడ్రోజనే యూరియాకూ మూలం. అది ఎవరికి ముందు అందాలి అన్నదే అసలు ప్రశ్న. ఆ లెక్కలన్నీ ఇక్కడ మీ ముందు పెడుతున్నాం. ఎక్కడైనా తప్పుంటే పలక మీద వేసి చూసుకోండి.

నీళ్లు కట్టెలు కావు, బూడిద

ముందు ఒక భ్రమ పోవాలి. నీళ్లతో ఏ కారూ నడవదు. పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగిలినట్టే, హైడ్రోజన్ కాలితే నీరు మిగులుతుంది. అంటే నీరు హైడ్రోజన్ బూడిద. బూడిదను మళ్లీ కట్టెగా మార్చాలంటే ఎంత శక్తి పెట్టాలో ఆలోచించండి. నీళ్లలోకి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయి. ఆ యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అంటారు. కిలో హైడ్రోజన్ తీయటానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. దాన్ని కారులో ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలోకి పంపితే అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ కరెంటు ఇస్తుంది. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. కాబట్టి హైడ్రోజన్ కారు కూడా కరెంటు కారే. మధ్యలో కరెంటును గ్యాసు చేసి, గ్యాసును మళ్లీ కరెంటు చేస్తారు, అంతే తేడా.

ఈ చుట్టు తిరుగుడులో ఎంత పోతుంది? వంద యూనిట్ల కరెంటు పెట్టామనుకోండి. నీటిని విడగొట్టేటప్పుడే మూడో వంతు వేడిగా పోతుంది. గ్యాసును ఒత్తి, బండికెక్కించి, బంకుదాకా తేవటంలో మరికొంత పోతుంది. ఫ్యూయల్ సెల్‌లో మిగిలినదాంట్లో సగం పోతుంది. చివరికి చక్రందాకా వచ్చేది పాతిక నుంచి ముప్పై యూనిట్లు. అదే కరెంటును నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే డెబ్భైకి పైగా చక్రానికి అందుతుంది. ఒకే కరెంటుతో బ్యాటరీ బండి మూడు ఊళ్లు తిరిగొస్తే హైడ్రోజన్ బండి ఒక్క ఊరు తిరిగొస్తుందన్నమాట.

"కొత్త సరుకు కదా, పోనుపోను బాగుపడుతుంది" అంటారు. కొంత బాగుపడవచ్చు. యంత్రాల ధర తగ్గవచ్చు, రాయితీలు పెరగవచ్చు. కాని మార్చిన ప్రతిసారీ కొంత శక్తి పోవటం ప్రకృతి నియమం. దాన్ని ఏ మంత్రిమండలీ రద్దు చేయలేదు.

బోరు మోటారు లెక్క

ఇదే లెక్కను మన పొలం భాషలో చెప్పుకుందాం. జపాన్ కంపెనీ టయోటా 2014 డిసెంబరులో మిరాయ్ అనే హైడ్రోజన్ కారు తెచ్చింది. ఇప్పటి మిరాయ్ టాంకులో 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది. అమెరికా ప్రభుత్వ కొలత ప్రకారం దాంతో 640 కిలోమీటర్లు దాటి పోతుంది. మన రోడ్ల మీద కిలోకు వంద కిలోమీటర్లు అనుకుందాం. ఒత్తే ఖర్చు కూడా కలిపితే ఆ వంద కిలోమీటర్లకు 55 యూనిట్ల కరెంటు పడుతుంది. బ్యాటరీ కారుకు 18 యూనిట్లు చాలు.

ఆ 55 యూనిట్లతో అయిదు హార్సుపవర్ బోరు మోటారు సుమారు 13 గంటలు నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల వ్యవసాయ విద్యుత్ కోసం మనం ఎన్నేళ్లు కొట్లాడామో తెలిసిందే. ఆ లెక్కన రైతు ఒకటిన్నర రోజు వాడే కరెంటును ఒక్క కారు వంద కిలోమీటర్లలో తాగేస్తుంది. వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలనీ, ఉచిత విద్యుత్ దుబారా అనీ పాఠాలు చెప్పే పెద్దమనుషులు ఈ దుబారా గురించి నోరు మెదపరు.

ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నది ఇంకో సంగతి. మన దేశంలో కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గునుంచే వస్తుంది. మామూలు లైనులో వచ్చే కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ కరెంటుతో హైడ్రోజన్ చేస్తే కిలోకు 36 కిలోలకు పైగా కాలుష్యం. అదే వంద కిలోమీటర్లు పెట్రోలు కారు నడిస్తే గొట్టంలోంచి వచ్చేది 13 కిలోలు. కారు వెనక నీటి చుక్కలే పడతాయి, నిజమే. పొగ మాత్రం థర్మల్ కేంద్రం పక్కన వున్న పల్లె మీద పడుతుంది. అందుకే ప్రభుత్వం కూడా 2023లో ఒక హద్దు పెట్టుకుంది: కిలో హైడ్రోజన్‌కు రెండు కిలోలకు మించి కార్బన్ డయాక్సైడ్ రాకుండా చేస్తేనే దాన్ని హరిత హైడ్రోజన్ అనాలి. అంటే ఎండా గాలీ ఇచ్చే కరెంటే వాడాలి. దానికి భూమి కావాలి. ఆ సంగతికి తర్వాత వద్దాం.

పట్టుబడని గాలి

లోకంలో అన్నిటికంటే తేలికైన వస్తువు హైడ్రోజన్. తేలిక కాబట్టే దాన్ని మోయటం బరువు. కారు టాంకులో పట్టాలంటే 700 బార్ల ఒత్తిడితో కుక్కాలి. లారీ టైరులో వుండే గాలి ఒత్తిడికి ఇది దాదాపు 90 రెట్లు, గ్యాసు ఆటో సిలిండర్‌కు మూడున్నర రెట్లు. మామూలు రేకు తట్టుకోదు, కార్బన్ నారతో చేసిన టాంకులు కావాలి. అయిదున్నర కిలోల ఇంధనం మోయటానికి తొంభై కిలోల టాంకులు! ద్రవంగా మార్చాలంటే సున్నాకు కింద 253 డిగ్రీలదాకా చల్లబరచాలి, దానికి మళ్లీ కరెంటు. పెద్ద లారీ నిండా ఒత్తి తెచ్చినా కొన్ని వందల కిలోలే వస్తుంది. పెట్రోలు టాంకరు ఒక్క ట్రిప్పులో వేల లీటర్లు దింపిపోతుంది.

అతి చిన్న కంతలోంచి కూడా ఇది కారిపోతుంది. కొన్ని రకాల ఉక్కును పెళుసుబారుస్తుంది. గాలిలో నాలుగు శాతం కలిసినా అంటుకుంటుంది. మంట పగటి వెలుతురులో కంటికి సరిగా కనిపించదు. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో పక్కనున్న సాండ్వికాలో హైడ్రోజన్ బంకు పేలింది. అధిక ఒత్తిడి టాంకు దగ్గర బోల్టులు సరిగా బిగించకపోవటమే కారణమని విచారణలో తేలింది. దీన్నిబట్టి హైడ్రోజన్ అంటేనే బాంబు అని మేం అనటం లేదు. అది త్వరగా పైకి లేచిపోతుంది, ఆరుబయట అయితే ఆ మేరకు నయం. ఎరువుల ఫ్యాక్టరీల్లో, రిఫైనరీల్లో కార్మికులు దశాబ్దాలుగా దాన్ని జాగ్రత్తగా వాడుతూనే వున్నారు. అయితే అది శిక్షణ పొందిన కార్మికులుండే ఫ్యాక్టరీ పని. వీధి వీధికీ బంకు పెట్టి, కాంట్రాక్టు కుర్రాడి చేతిలో గొట్టం పెట్టే పని కాదు.

ఇరవై ఏళ్ల వాగ్దానాలు

ఈ పాట కొత్తది కాదు. 2003 జనవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్ తన పార్లమెంటులో హైడ్రోజన్ కార్ల పరిశోధనకు 120 కోట్ల డాలర్లు ప్రకటించాడు. ఆ రోజు పుట్టిన బిడ్డ నడిపే మొదటి కారు హైడ్రోజన్ కారు కావచ్చునని ఆశపెట్టాడు. ఆ బిడ్డకు ఇరవై ఏళ్లు దాటిపోయాయి.

అమెరికాలో ఆ కార్లు కాస్త ఎక్కువగా అమ్ముడైంది కాలిఫోర్నియా రాష్ట్రంలో. కారు కొన్నవాడికి 15,000 డాలర్ల ఇంధనం ఉచితమని టయోటా కార్డులిచ్చి మరీ అమ్మింది. అయినా ఏమైంది? 2024 నాటికి అక్కడి బంకుల్లో కిలో హైడ్రోజన్ ధర 36 డాలర్లదాకా పోయింది. మన డబ్బులో దాదాపు 3,000 రూపాయలు. అంటే వంద కిలోమీటర్లకు మూడు వేలు! 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ అక్కడ కార్లకు హైడ్రోజన్ పోసే తన బంకులను మూసేసింది. వున్నవాడి రాష్ట్రంలో, వున్నవాడి కారుకే గతి లేకపోయింది. 2024లో ప్రపంచమంతటా ప్లగ్గు పెట్టి చార్జి చేసుకునే కార్లు కోటీ డెబ్భై లక్షలదాకా అమ్ముడైతే, హైడ్రోజన్ కార్లు పదిహేను వేలు కూడా దాటలేదు.

మన పాలకులూ వెనకబడలేదు. 2006లో తయారైన జాతీయ హైడ్రోజన్ ప్రణాళికలో 2020 నాటికి దేశంలో పది లక్షల హైడ్రోజన్ బండ్లు తిరుగుతాయని రాసుకున్నారు. 2020 వచ్చింది, పోయింది. పది లక్షలు కాదుగదా, పది బండ్లు చూసినవాడు మన పల్లెల్లో ఎవడూ లేడు. 2022 మార్చిలో కేంద్రమంత్రి గడ్కరీ మిరాయ్ కారులో పార్లమెంటుకు వెళ్లి ఫొటోలు దిగాడు. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు తయారుచేయాలని లక్ష్యం. 2025 మార్చిలో 37 బస్సులు, లారీలు, తొమ్మిది బంకులతో అయిదు ప్రయోగాలకు సుమారు 208 కోట్లు మంజూరు చేశారు. అందులో మన విశాఖపట్నం - బయ్యవరం హైవే కూడా వుంది. బస్సు, లారీ మీద ప్రయోగం చేయటాన్ని మేం తప్పుపట్టం. ప్రయోగం లేకుండా తెలిసేదేముంది? ఆ బస్సు పక్కనే బ్యాటరీ బస్సును కూడా నడిపి, కిలోమీటరుకు ఎంత ఖర్చయిందో రెండు లెక్కలూ జనం ముందు పెట్టాలన్నదే మా కోరిక.

నూట ముప్పై ఏళ్ల కూలి

ఇక ధర. పానిపట్ రిఫైనరీ కోసం ఇండియన్ ఆయిల్ పిలిచిన టెండర్లలో హరిత హైడ్రోజన్‌కు 2025లో కిలో 397 రూపాయల ధర తేలింది. వంద కిలోమీటర్లకు 397 అంటే పెట్రోలుకంటే తక్కువే గదా అనిపిస్తుంది. ఇక్కడే మోసపోకూడదు. పెట్రోలు ధర బంకు ధర. అందులో పన్నులూ, రవాణా అన్నీ వున్నాయి. ఈ 397 ఫ్యాక్టరీ గేటు ధర. ఒత్తటం, మోయటం, కోట్లు పోసి బంకు కట్టటం, బంకు యజమాని లాభం ఇంకా కలవలేదు. కాలిఫోర్నియా కథ అక్కడే మొదలైంది. బ్యాటరీ కారుకైతే 18 యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా వంద కిలోమీటర్లకు 144 రూపాయలు.

అమెరికాలో మిరాయ్ ధర 50 వేల డాలర్ల దగ్గర. మన డబ్బులో 40 లక్షలకు పైమాట. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ కారు కొనాలంటే 13,000 రోజులు మట్టి మొయ్యాలి. ఏడాదికి వంద రోజుల పని దొరికినా 130 ఏళ్లు! అదీ తిండీ బట్టా లేకుండా. తాత మొదలుపెడితే మునిమనవడు తాళం అందుకుంటాడు. అలాంటి బండి చౌకగా నడవటానికి జనం సొమ్ములోంచి రాయితీ ఇవ్వాలంటే, అది ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి పోతున్నట్టు?

భూమి ఆసామిది, పని ఎవరిది?

ఎండ కరెంటు సంగతికి వద్దాం. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అది 5,900 ఎకరాలకు పైగా ఆక్రమించింది. అంటే మెగావాట్‌కు ఆరు ఎకరాలు. ఆరు ఎకరాల పలకలు ఏడాదికి 18 లక్షల యూనిట్లు ఇస్తాయనుకుందాం. కారు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. ఆ కరెంటుతో 830 బ్యాటరీ కార్లు నడుస్తాయి, లేదా 270 హైడ్రోజన్ కార్లు నడుస్తాయి. లక్ష కార్లకు బ్యాటరీ అయితే 720 ఎకరాలు, హైడ్రోజన్ అయితే 2,200 ఎకరాలు. వృథాపోయే కరెంటుకూ ఎకరాల లెక్క వుంటుందని ఇందుకే అంటున్నాం.

భూమి పోతే ఏమవుతుంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి సేకరిస్తే, మూడేళ్లుగా దాని మీద బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. ఎన్నో పోరాటాల తర్వాత దక్కిన హక్కు అది. అయితే కంపెనీవాడు భూమిని సేకరించకుండా, ఆసామి దగ్గర పాతికేళ్లకు లీజుకు తీసుకుంటే ఆ చట్టం గడప దాటి లోపలికి రాదు. లీజు డబ్బు పట్టా వున్నవాడి ఖాతాలో పడుతుంది. కౌలుదారు మారుమాట లేకుండా లేచిపోవాలి. ఆ పొలంలో విత్తు వేసిన చేతులకూ, కలుపు తీసిన చేతులకూ, కాయ ఏరిన చేతులకూ పని పోతుంది. పలకలు బిగించేటప్పుడు నాలుగు నెలలు పని వుంటుంది. తర్వాత పలకలు కడిగేవాళ్లు, కాపలావాళ్లు కొద్దిమందే. ఎండ కరెంటు వద్దని మేం అనటం లేదు. బొగ్గు పోవాల్సిందే. వేసవి ఎండకు పొలంలో ముందు పడిపోయేది కూలి మనిషే. కాని భూమి అంత ఖరీదైనప్పుడు దానినుంచి వచ్చే ప్రతి యూనిట్‌నూ పొదుపుగా, జనానికి పనికొచ్చేటట్టు వాడాలి.

నీళ్ల సంగతిలో కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు తప్పనిసరి. శుద్ధిచేయటం, యంత్రం చల్లబరచటం కలిపితే ఇరవై, ముప్పై లీటర్లు. కిలో బియ్యానికి వేల లీటర్లు పడుతుంది కాబట్టి ఈ అంకె పెద్దదేం కాదు. సముద్రపు ఒడ్డున అయితే ఉప్పునీరు శుద్ధి చేసుకోవచ్చు, దాని ఖర్చు మొత్తంలో కొద్దే. అయితే ఫ్యాక్టరీ అన్నది ఒక్కచోట నిలబడి రోజూ కోట్ల లీటర్లు తోడుతుంది. అది సముద్రంనుంచి తోడుతుందా, మన కాలవనుంచి తోడుతుందా అన్నదే తేల్చుకోవాలి.

బస్తా యూరియాలో నాలుగున్నర కిలోలు

ఇప్పుడు అసలు సంగతి. మన దేశంలో ఏడాదికి 50, 60 లక్షల టన్నుల హైడ్రోజన్ ఇప్పటికే వాడుతున్నారు. కార్లలో కాదు. ఎరువుల ఫ్యాక్టరీల్లో, చమురు శుద్ధి కర్మాగారాల్లో. గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపితే అమ్మోనియా, అమ్మోనియానుంచి యూరియా. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 26 కిలోల అమ్మోనియా, అందులో నాలుగున్నర కిలోల హైడ్రోజన్ పనిచేసి వుంటుంది. మిరాయ్ కారు టాంకులో పట్టేది 5.6 కిలోలు. అంటే ఒక కారు టాంకు నింపే హైడ్రోజన్‌తో బస్తా పావు యూరియా వస్తుంది!

ఆ హైడ్రోజన్‌ను ఇప్పుడు సహజవాయువునుంచి తీస్తున్నారు. కిలోకు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ వాయువులో చాలా భాగం ఓడల మీద దిగుమతి అవుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై ధరలు ఎగబాకితే, 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లకు చేరింది. ఎక్కడో ఫిరంగి పేలితే మన సొసైటీ గోడౌను ఖాళీ అవుతుంది. హరిత హైడ్రోజన్ పనికొచ్చేది ఇక్కడ. కారుకు బ్యాటరీ వుంది, రైలుకు తీగ వుంది. అమ్మోనియాకు హైడ్రోజన్ తప్ప గతి లేదు. ఇనుప ఖనిజాన్ని బొగ్గు లేకుండా ఉక్కు చేయటానికీ అదే దారి. స్వీడన్‌లో 2021లో హైడ్రోజన్‌తో చేసిన ఉక్కు బయటికొచ్చింది. మన విశాఖ ఉక్కును తెగనమ్మాలని 2021 జనవరిలో నిర్ణయించినవాళ్లకు అలాంటి కొత్త పద్ధతి మన ఫ్యాక్టరీకి తేవాలన్న ఆలోచన రాలేదు.

ఇందులోనూ చిక్కులున్నాయి. యూరియాకు అమ్మోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడది సహజవాయువునుంచే వస్తోంది. కాబట్టి హరిత అమ్మోనియా ముందుగా కాంప్లెక్స్ ఎరువుల్లోకి సులువుగా పోతుంది. 2025 జులైలో పారాదీప్ ఎరువుల ఫ్యాక్టరీకోసం జరిగిన వేలంలో హరిత అమ్మోనియా కిలో 55 రూపాయల 75 పైసలు పలికింది. ఆ లెక్కన యూరియా బస్తాలో అమ్మోనియా ఒక్కదానికే 1,400 పైన అవుతుంది. మనం కట్టేది బస్తాకు 266 రూపాయల 50 పైసలు. ఈ తేడా ఎవరు భరిస్తారు? హరితం పేరు చెప్పి రైతు మీద మోపితే, మర్నాడే ఆసామి కూలిరేటు కొయ్యాలంటాడు. ఆ బరువు చివరికి మన వీపు మీదికే వస్తుంది. కాబట్టి కారుకు ఇవ్వాలనుకునే రాయితీ ఎరువుకు ఇవ్వాలి.

పూడిమడక ఏం చెబుతోంది?

2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి లక్షా 85 వేల కోట్లన్నారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. దానినుంచి మిథనాల్, యూరియా, విమాన ఇంధనంవంటివి రోజుకు 7,500 టన్నులు. దీనికోసం 20 వేల మెగావాట్ల ఎండ, గాలి కరెంటు. రోజుకు 1,500 టన్నులంటే మన లెక్కన మూడు లక్షల ముప్పై వేల బస్తాల యూరియాకు సరిపడే హైడ్రోజన్! వినటానికి కడుపు నిండుతుంది. కాని ప్రభుత్వ ప్రకటనలోనే ఇంకో మాట వుంది: ముఖ్యంగా విదేశీ ఎగుమతుల కోసం. మన ఎండ, మన గాలి, మన ఒడ్డు. సరుకు ఓడెక్కుతుంది. యూరియా దిగుమతి ఓడకోసం మనం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టుకుని కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయం?

ఏం అడగాలి?

మేం హైడ్రోజన్‌కు వ్యతిరేకులం కాము. శాస్త్రం ఎవడబ్బ సొత్తూ కాదు, కష్టజీవులకు అది కావాలి. అందుకే గ్రామసభల్లో, మండల ధర్నాల్లో ఈ కోర్కెలు పెట్టాలని కోరుతున్నాం. ఒకటి: హైడ్రోజన్‌కు ఇచ్చే ప్రజాధనం ముందుగా ఎరువులకూ, ఉక్కుకూ పోవాలి. సొంత కార్లకు పైసా ఇవ్వకూడదు. రెండు: రవాణాకు ఇచ్చే డబ్బుతో ఆర్టీసీకి కరెంటు బస్సులు కొని, బస్సు మానేసిన పల్లెలకు మళ్లీ నడపాలి. మూడు: కరెంటుకోసం భూమి లీజుకు పోయినచోట కౌలుదార్లనూ, కూలీలనూ 2013 చట్టంలోలాగే బాధితులుగా గుర్తించి పరిహారం, పని ఇవ్వాలి. నాలుగు: హైడ్రోజన్ ఫ్యాక్టరీలు కాలవ నీటినీ, భూగర్భ జలాన్నీ ముట్టకూడదు. అయిదు: మన ఒడ్డున తయారైన సరుకులో మన పొలాలకు ముందు వాటా, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు శిక్షణ ఇచ్చి పర్మినెంటు ఉద్యోగాలు ఇవ్వాలి.

మొన్న అదే సొసైటీ వైపు వెళ్లినప్పుడు ఆ పెద్దామె కనిపించింది. నాలుగున్నర కిలోల లెక్క ఆమెకు చెప్పాం. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "అయితే కారోడు ఒక్కపాలి నింపుకుంటే నా మడికి ఒక బస్తా పోయినట్టే గదా నాయనా" అంది. ఈసారి నవ్వలేదు. "ఈ ముక్క మీటింగులో చెప్పండి, నేనొస్తాను" అంది.

మేం చెబుతున్నాం. మీరూ చెప్పండి.